గింజల కార్డు గడువు తీరిన మర్నాడు: ఆహార సహాయం, పని శిక్షణ



కరవు, వరద, తుఫాను వచ్చినప్పుడు ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు తిండిగింజలు పంచడం మనకు తెలిసిన విషయమే. ఆ సహాయానికి ఒక గడువు ఉంటుంది. ఏడాదో, రెండేళ్లో గడిచాక కార్డు చెల్లదు. ఆ మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలో పుట్టినవే ఆహార సహాయంతో పని శిక్షణను ముడిపెట్టే పథకాలు. అలాంటి పథకం ఒకటి ఎలా నడుస్తుందో, ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ దెబ్బతింటుందో ఈ పాఠంలో చూద్దాం.

మన పొరుగు దేశం బంగ్లాదేశ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దీనికి రెండు కారణాలు. అక్కడ ఈ ప్రయత్నం 1985లోనే మొదలైంది. దాని ఫలితాలను, లోపాలను కూడా పరిశోధకులు ఓపికగా పరిశీలించి రాశారు.

గింజలు ఉన్నా ఆకలి ఎందుకు?

1974లో బంగ్లాదేశ్‌లో భారీ వరదలు వచ్చాయి. వాటి వెనుకే తీవ్రమైన కరవు వచ్చింది. వరదల్లో పంట పోయింది కాబట్టి తిండి లేక జనం చనిపోయారని ఎవరైనా అనుకుంటారు. కాని ఆర్థిక శాస్త్రవేత్త అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన 'పావర్టీ అండ్ ఫామిన్స్' అనే గ్రంథంలో వేరే విషయం చూపించారు. 1971 నుంచి 1975 వరకు లెక్క తీస్తే, తలసరి ఆహారధాన్యాల లభ్యత ఎక్కువగా ఉన్న సంవత్సరం 1974. మరి జనం ఎందుకు పస్తులున్నారు? వరదల వల్ల పొలం పనులు పోయాయి. బియ్యం ధర పెరిగింది. ఒక రోజు కూలితో కొనగలిగే బియ్యం పరిమాణం బాగా పడిపోయింది. బజారులో బియ్యం ఉన్నాయి, కూలివాడి చేతిలో మాత్రం వాటిని కొనే శక్తి లేదు.

ఈ పాఠానికి ఇది పునాది. ఆకలికి తక్షణ మందు గింజలే. ఆకలి మళ్లీ రాకుండా ఉండాలంటే మాత్రం గింజలు కొనగలిగే సంపాదన ఉండాలి.

మూడు దారులు

పేదలకు ఆహారం అందించే పథకాలను స్థూలంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది ఉచిత పంపిణీ. వృద్ధులకు, రోగులకు, పసిపిల్లలకు ఇది తప్పనిసరి. వారిని పని చేయమనడం న్యాయం కాదు.

రెండవది పనికి ఆహారం. మన దేశంలో ఈ పేరుతో 1977లో ఒక పథకం మొదలైంది. ఆ ఆలోచనే అనేక మార్పులు పొంది, కూలి డబ్బుతో కూడిన ఉపాధి హామీగా రూపుదిద్దుకుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం ప్రారంభమైన సంగతి మీరు చదివే ఉంటారు. ఇటువంటి పనుల వల్ల ఊరికి చెరువు, బాట, కాలువ మిగులుతాయి. కాని చెరువు పూడికతీత పూర్తయ్యాక, తట్ట మోసిన మనిషికి రేపటి పని ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

మూడవది ఆహారంతో పాటు శిక్షణ. గింజలు అందుతున్న కాలాన్ని ఒక వృత్తి నేర్చుకునే కాలంగా మార్చడం ఇందులోని ఆలోచన. మనం వివరంగా చూడబోయేది ఈ మూడవ దారినే.

కార్డు ఎవరికి ఇచ్చారు?

1974 కరవు తర్వాత, 1975లో, ప్రపంచ ఆహార కార్యక్రమం సహాయంతో బంగ్లాదేశ్ ప్రభుత్వం దిక్కులేని గ్రామీణ స్త్రీలకు నెలనెలా గోధుమలు ఇవ్వడం ప్రారంభించింది. భర్త చనిపోయినవారు, భర్త వదిలేసినవారు, ఇంటి భారమంతా తామే మోస్తున్నవారు ఇందులో ముఖ్యులు. తర్వాత ఈ పథకానికి 'వల్నరబుల్ గ్రూప్ డెవలప్‌మెంట్' అని పేరు మార్చారు. ఏ చిన్న ఆపద వచ్చినా ముందుగా కుప్పకూలే కుటుంబాల అభివృద్ధి అని దాని భావం. పొట్టిగా వి.జి.డి. అనేవారు. పేరులో 'అభివృద్ధి' అన్న మాట చేరడం గమనించండి. తిండి పెట్టడంతో ఆగకూడదన్న ఆలోచన అందులో ఉంది.

అర ఎకరం కన్నా తక్కువ భూమి ఉండటం, నెలసరి ఆదాయం చాలా తక్కువగా ఉండటం ఎంపికకు పెట్టిన నియమాల్లో ఉండేవి. ఎంపికైన స్త్రీకి ఒక కార్డు ఇచ్చేవారు. ఆ కార్డు మీద నెలకు 31.25 కిలోల గోధుమలు వచ్చేవి. కార్డు కాలం ఒకప్పుడు 24 నెలలు, ఒకప్పుడు 18 నెలలు.

చిన్న లెక్క

ఈ గోధుమల విలువను మనమే లెక్క వేసి చూద్దాం. వంద గ్రాముల గోధుమల్లో సుమారు 340 కిలోకేలరీల శక్తి ఉంటుంది. అంటే కిలోకు 3,400. నెలకు 31.25 కిలోలంటే 1,06,250 కిలోకేలరీలు. దీన్ని 30తో భాగిస్తే రోజుకు దాదాపు 3,540 కిలోకేలరీలు వస్తాయి.

ఒక తల్లి, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటిని ఊహించుకోండి. తల్లికి రోజుకు 2,200, పిల్లలకు ఒక్కొక్కరికి సగటున 1,500 కిలోకేలరీలు కావాలనుకుందాం. మొత్తం 6,700. కార్డు గోధుమలు ఇందులో సగానికి కొంచెం ఎక్కువ తీరుస్తాయి. గింజలు పూర్తిగా చేతికి అంది, అన్నీ ఇంట్లోనే తింటేనే ఈ లెక్క నిజమవుతుంది.

ఈ సగం చాలా కీలకమైనది. పూర్తిగా కడుపు నిండదు కాబట్టి ఆమె కూలికి పోక తప్పదు. కాని ప్రతి రోజూ పోనక్కరలేదు. వారానికి ఒకటి రెండు రోజులు నేర్చుకోవడానికి మిగులుతాయి. కార్డు లేనప్పుడు ఆమెను శిక్షణకు రమ్మంటే ఏమవుతుంది? ఆ రోజు కూలి పోతుంది, పిల్లలు పస్తుంటారు. శిక్షణ ఉచితమని మనం అంటాం. ఆమెకు మాత్రం దాని ఖరీదు ఒక రోజు తిండి. గోధుమలు ఆ ఖరీదును చెల్లిస్తాయి.

కోళ్లనే ఎందుకు ఎంచుకున్నారు?

1972లో ఫజ్లే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1985లో ప్రభుత్వంతోను, ప్రపంచ ఆహార కార్యక్రమంతోను కలిసి కార్డు ఉన్న స్త్రీలకు శిక్షణ ఇచ్చే ప్రయత్నం మొదలుపెట్టింది. ఏ పని నేర్పాలి? ఆ స్త్రీలకు భూమి లేదు. చదువు లేదు. పిల్లలను వదిలి దూరం పోలేరు. పెట్టుబడి లేదు. ఇన్ని 'లేదు'ల మధ్య పెరట్లో తిరిగే రెండు మూడు కోళ్లు మాత్రం చాలా ఇళ్లలో ఉన్నాయి.

మరి ఆ కోళ్ల వల్ల సంపాదన ఎందుకు రావడం లేదు? కారణం జీవశాస్త్రంలో ఉంది. మన పల్లెల్లో కొక్కెర తెగులు అని పిలిచే జబ్బును శాస్త్ర గ్రంథాల్లో రాణిఖేత్ వ్యాధి లేదా న్యూకాసిల్ వ్యాధి అంటారు. ఇది వైరస్ వల్ల వస్తుంది. ఊరి మీద పడితే కొద్ది రోజుల్లోనే చాలా గూళ్లు ఖాళీ అవుతాయి. పది కోళ్లు పెంచే ధైర్యం పేదరాలికి లేకపోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. తెగులు వస్తే పదీ పోతాయని ఆమెకు అనుభవంతో తెలుసు.

ఈ వ్యాధికి టీకా ఉంది. కోడిపిల్లకు మొదటి వారంలో కంట్లో చుక్కగా వేస్తారు. రెండు నెలల వయసు దాటాక ఇంజెక్షన్ ఇస్తారు. అయితే ఇందులో వాడేది బలహీనపరచిన సజీవ వైరస్. వేడి తగిలితే చచ్చిపోతుంది. తయారైన చోటు నుంచి పల్లె వరకు చల్లగా, అంటే సుమారు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఉంచాలి. పొడిని ద్రవంలో కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి. అంతేకాక కోళ్లు తెల్లవారగానే గూడు వదిలి ఊరంతా తిరుగుతాయి. టీకా వేసే మనిషి పొద్దు పొడవక ముందే ఇంటింటికీ వెళ్లాలి. పట్టణంలో ఉండే పశువైద్యాధికారి ఈ పని చేయలేడు. ఆ ఊరి మనిషే చేయాలి.

శిక్షణకు దారి ఇక్కడే దొరికింది. ఊరికి ఒక స్త్రీని ఎంపిక చేసి, కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, టీకా వేయడం నేర్పారు. ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ టీకా మందు ఇచ్చేది. ఆమె కోడికి ఇంత అని చిన్న రుసుము తీసుకునేది. అక్షరం రాని స్త్రీ ఊరి కోళ్లకు రక్షణ కల్పించే మనిషి అయింది. ఆమెకు అది సంపాదన, ఊరికి అది భద్రత.

ఒక గొలుసు, అనేక కొక్కేలు

ఒక్క టీకాతో పని పూర్తి కాదు. నాటుకోడి గట్టిది, కాని గుడ్లు తక్కువ పెడుతుంది. ఎక్కువ గుడ్లు పెట్టే మేలుజాతి కోడి కావాలి. ఆ కోడిపిల్లలను పొదిగించాలి. రోజు వయసున్న పిల్లలను చలి నుంచి, పిల్లుల నుంచి, గద్దల నుంచి కాపాడుతూ రెండు నెలలు పెంచాలి. వాటికి మేత దొరకాలి. పెట్టిన గుడ్లు సంతకు చేరాలి.

బ్రాక్ ఈ పనులను విడదీసి ఒక్కొక్క దాన్ని ఒక్కొక్క వృత్తిగా మార్చింది. కొందరు స్త్రీలు చిన్న పొదిగే కేంద్రాలు నడిపారు. కొందరు రోజు పిల్లలను తీసుకుని రెండు నెలలు పెంచి అమ్మారు. ఎక్కువ మంది వాటిని కొని పెరట్లో గుడ్ల కోసం పెంచారు. కొందరు మేత కలిపి అమ్మారు, కొందరు గుడ్లు సేకరించారు. టీకా వేసే స్త్రీ వీరందరినీ కలిపే మనిషి.

ఇలా విడదీయడం వల్ల ఒక లాభం, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి. లాభం ఏమిటంటే ప్రతి పనీ కొద్ది రోజుల్లో నేర్చుకోగలిగినంత చిన్నదవుతుంది, ఒకరు అమ్మేది మరొకరు కొంటారు. ప్రమాదం ఏమిటంటే గొలుసులో ఒక్క కొక్కెం తెగినా అందరూ నష్టపోతారు. టీకా రెండు వారాలు ఆలస్యమైతే పిల్లలు పెంచే స్త్రీ అప్పులో పడుతుంది. కాబట్టి శిక్షణ కార్యక్రమం నడపడమంటే తరగతి నడపడం మాత్రమే అనుకోకూడదు. మందు, మేత, పిల్లలు, సంత అనే నాలుగింటినీ సమయానికి కలిపే బాధ్యత కూడా అందులో భాగమే.

కార్యక్రమం సాగే క్రమం

మొదట కార్డుదారులను గుంపులుగా చేర్చడం. తర్వాత శిక్షణ. దానితో పాటే పొదుపు. ప్రతి స్త్రీ నెలనెలా కొద్ది మొత్తం దాచుకోవాల్సి ఉండేది. మన డ్వాక్రా సంఘాల పొదుపు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. చేతిలో నిలవలేని చిల్లరను నిలబెట్టడం, డబ్బు లెక్క అలవాటు కావడం దీని ఉద్దేశం. గోధుమలు అందుతుండగానే చిన్న రుణం ఇచ్చేవారు. ఆ రుణంతో ఆమె కోడిపిల్లలు కొనేది. కార్డు ముగిసే నాటికి గుడ్ల ఆదాయం మొదలై ఉండాలన్నది ఆలోచన. అప్పటి నుంచి ఆమె బ్రాక్ సాధారణ రుణ సంఘాల్లో సభ్యురాలయ్యేది.

ఇందులో కాలం ముఖ్యం. శిక్షణ చివరి నెలల్లో ఇస్తే గింజలు ఆగేసరికి ఆదాయం మొదలుకాదు. రుణం మరీ ముందు ఇస్తే పని రాకుండానే వాయిదా నెత్తిన పడుతుంది. గింజలు, శిక్షణ, పొదుపు, రుణం నాలుగూ ఒకదాని మీద ఒకటి కొంత దూరం కలిసి నడవాలి.

ఎవరు వెనుకబడ్డారు?

ఈ పథకంలో లక్షల మంది స్త్రీలు పాల్గొన్నారు. చాలామంది రుణ సంఘాల్లో సభ్యులై నిలదొక్కుకున్నారు. కాని అందరూ కాదు. గింజలు అందిన కాలంలో పెరిగిన సగటు ఆదాయం, కార్డు ముగిశాక కొంత తగ్గినట్లు అధ్యయనాలు చూపాయి. 2003లో ఇమ్రాన్ మతీన్, డేవిడ్ హ్యూమ్ ఈ పథకంపై రాసిన పరిశోధన వ్యాసం మధ్యలో వదిలిపెట్టినవారి సంగతిని ప్రత్యేకంగా పరిశీలించింది.

కారణాలు అర్థం చేసుకోవడం కష్టం కాదు. కార్డుల పంపిణీ స్థానిక పెద్దల చేతుల్లో ఉన్నప్పుడు అర్హుల పేర్లు జారిపోవచ్చు. ఒక కార్డును ఇద్దరు పంచుకుంటే మనం వేసిన లెక్కలోని సగం పావుగా మారుతుంది. రుణం వాయిదా వారంవారం కట్టాలి, జ్వరం మాత్రం వారం చూసుకుని రాదు. బిడ్డకు జబ్బు చేస్తే మొదట అమ్ముడుపోయేవి కోళ్లే. కోళ్లు పోయాక అప్పు మిగులుతుంది.

అందరికన్నా అడుగున ఉన్నవారికి అప్పు మెట్టు అయ్యే బదులు బరువు కావచ్చు. ఈ పథకం నేర్పిన గట్టి పాఠం ఇది.

దిద్దుబాటు, పరీక్ష

బ్రాక్ ఈ పాఠం నేర్చుకుని 2002లో నిరుపేదల కోసం వేరే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇందులో మొదట అప్పు ఉండేది కాదు. ఆవు, మేకలు, కోళ్లు వంటి ఆస్తిని ఉచితంగానే ఇచ్చేవారు. కొంతకాలం తిండి ఖర్చుకు భత్యం ఇచ్చేవారు. శిక్షణతో పాటు కార్యకర్త రెండేళ్ల పాటు తరచుగా ఇంటికి వచ్చి చూసేవారు. వైద్య సహాయం ఉండేది. ఊరి పెద్దలతో ఒక సంఘం ఏర్పరచి ఆ కుటుంబాలకు అండగా ఉండమనేవారు.

ఇది నిజంగా పని చేసిందా? సైన్సు విద్యార్థులకు ఇక్కడ ఒక పరిచిత సూత్రం కనిపిస్తుంది. ఒక మొక్కకు ఎరువు వేసి, పెరిగింది కాబట్టి ఎరువు పనిచేసింది అనకూడదు. ఎరువు వేయని మొక్కతో పోల్చాలి. అలాగే లాటరీ పద్ధతిలో కొన్ని ఊళ్లలో, లేదా కొన్ని కుటుంబాలకు, ముందుగా కార్యక్రమం అమలు చేసి, మిగిలినవారితో పోల్చి చూశారు. బంగ్లాదేశ్‌లో 1,309 గ్రామాల్లో జరిగిన అటువంటి అధ్యయనంలో నాలుగేళ్ల తర్వాత లబ్ధిదారులైన స్త్రీల సంపాదన సుమారు 21 శాతం ఎక్కువగా కనిపించింది. ఏడాదిలో కొద్ది నెలలే దొరికే కూలి పని నుంచి ఏడాది పొడవునా ఉండే పశుపోషణకు వారు మారారు.

2015లో 'సైన్స్' పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు ఆరు దేశాల ఫలితాలు ప్రచురించారు. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్థాన్, పెరూ ఆ దేశాలు. భారత్‌లో పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ ప్రాంతాన్ని తీసుకున్నారు. మొత్తం మీద సహాయం ఆగిన ఏడాది తర్వాత కూడా లాభం నిలిచింది. హోండురాస్‌లో మాత్రం ఆస్తి నిలవలేదు. అక్కడ చాలా కుటుంబాలకు ఇచ్చిన కోళ్లలో అనేకం జబ్బుతో చనిపోయాయి. పైన చెప్పుకున్న టీకా గొలుసును ఒకసారి గుర్తు చేసుకోండి.

మన ప్రాంతపు ఫలితం కూడా తెలుసుకోవాలి. నాటి మెదక్ జిల్లాలో ఇటువంటి కార్యక్రమాన్ని పరీక్షించగా నికర లాభం దాదాపు కనిపించలేదని 2015లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. పాల్గొన్నవారి పశుపోషణ ఆదాయం పెరిగింది, కాని ఆ మేరకు వ్యవసాయ కూలి ఆదాయం తగ్గింది. పాల్గొనని కుటుంబాలు కూలి పనుల ద్వారానే తమ స్థితి మెరుగుపరచుకున్నాయి. అంటే ఊళ్లో మంచి కూలి దొరికే కాలంలో గేదె పోషణ నేర్పితే, ఒక పనిని తీసి మరొకటి పెట్టినట్లవుతుంది. ఒక చోట నెగ్గిన పథకాన్ని మరో చోటికి యథాతథంగా మోసుకుపోకూడదని దీని అర్థం.

గట్టు దాటాలి

ఎత్తైన గట్టు మీదకు బండిని తోస్తున్నారనుకోండి. గట్టు కొస దాకా తోస్తే ఆవలి వైపు అదే సాగిపోతుంది. కొసకు రెండడుగుల దూరంలో వదిలేస్తే వెనక్కి దొర్లి మొదటి చోటికే వస్తుంది. 2022లో ప్రచురితమైన ఒక పరిశోధన బంగ్లాదేశ్ కుటుంబాల్లో సరిగ్గా ఇటువంటి గట్టును గుర్తించింది. ఉచితంగా వచ్చిన ఆస్తితో ఒక స్థాయి దాటిన కుటుంబాలు తర్వాత కూడా పైకి సాగాయి. ఆ స్థాయికి కొంచెం తక్కువలో ఆగిపోయినవి కాలక్రమంలో తిరిగి జారిపోయాయి.

సగం సహాయం సగం ఫలితం ఇస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ సగం సహాయం ఏ ఫలితమూ ఇవ్వకపోవచ్చు. పైగా జారిపోయిన మనిషినే 'ఎంత ఇచ్చినా బాగుపడదు' అని ఊరు తప్పుపడుతుంది. తప్పు చాలాసార్లు తోసిన దూరంలో ఉంటుంది.

సారాంశం

ఆహార సహాయం మనిషిని ఈ రోజు బతికిస్తుంది. నేర్చుకోవడానికి కావలసిన తీరికను కూడా అదే కొనిస్తుంది. శిక్షణ ఆమె ఇంటికి, ఊరి బజారుకు, ఆ కాలపు కూలి రేట్లకు సరిపోవాలి. నేర్పిన పనికి కావలసిన మందు, మేత, సంత సమయానికి అందాలి. అడుగున ఉన్నవారికి అప్పుకు ముందు ఆస్తి, ఆస్తికి తోడు వైద్యం అవసరం. పని చేయలేనివారికి షరతు లేని సహాయం ఎప్పుడూ ఉండాలి. ఒక పథకం బాగా నడిచిందో లేదో పంపిణీ అయిన బస్తాల లెక్కతో తేలదు. కార్డు గడువు తీరిన ఏడాది తర్వాత ఆ ఇంటికి వెళ్లి, పొయ్యి మీద ఏముందో చూస్తే తేలుతుంది.

ఆలోచించండి

1. మీ ఇంట్లో నెలకు ఎన్ని కిలోల బియ్యం ఖర్చవుతాయి? వాటి నుంచి రోజుకు వచ్చే శక్తిని లెక్క కట్టండి.

2. మీ ఊళ్లో భూమి లేని ఒక కుటుంబానికి ఒక వృత్తి నేర్పాలంటే ఏది ఎంచుకుంటారు? దానికి కావలసిన సరుకులు ఎక్కడి నుంచి వస్తాయో, తయారైనది ఎవరు కొంటారో రాయండి.

3. మీ మండలంలో కోళ్లకు కొక్కెర తెగులు టీకా ఎవరు వేస్తారు? ఏ నెలల్లో వేస్తారు? పశువైద్యశాలకు వెళ్లి తెలుసుకోండి.